కొండగోగు మలుపు

“ఇది బస్సా, పూలకొట్టా?”

గొంతు కొత్తది. రోడ్డు పక్కన రాలిన కొండగోగు పూలు గుప్పెడు ఏరుకుని, చీర మీది ఖాకీ కోటు దులుపుకుంటూ బస్సెక్కుతున్న సంపూర్ణ తలెత్తి చూసింది. మూడో సీట్లో ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు, చేతికి పెద్ద గడియారం. ఆ గడియారాన్ని అతను బస్సంతటికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

“పూలకొట్టు గాదు సార్, ఆర్డినరీ బస్సు. ఈ పూలకు టికెట్ లేదు, మీకుంది. ఎక్కడికి?”

బస్సంతా గొల్లుమంది. అడవి ఊళ్లలో కూరగాయలమ్ముకునే తండా మనిషి గోరి, టమాటాల గంప ఒళ్లో పెట్టుకుని అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఆశ్రమ పాఠశాలకి. లెక్కల మాస్టార్ని. అవతల ప్రార్థన గంట కొట్టేస్తారు. అడవి మధ్యలో బస్సాపి ఈ పూలేరుకోవడమేంటండీ? ఎవరికోసం, జళ్లోకా?”

సంపూర్ణ మొహంలో నవ్వు ఆరిపోయింది.

“జళ్లోకి గాదు” అని మాత్రం అని, టికెట్ చించి అతని చేతిలో పెట్టింది. పూలను తీసుకెళ్లి డ్రైవర్ ముందున్న అద్దం దగ్గర సర్దింది. “రైట్, పోనీ బాబాయ్” అంది.

డ్రైవర్ హాతీరాం గేరు మార్చాడు.

తొంభై ఎనిమిది మార్చి అది. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే ఆ రూటులో ఆడకండక్టరంటే జనం ఇంకా వింతగా చూసే రోజులు. అదే రూటులో సంపూర్ణ తండ్రి క్రీస్తుదాసు ఏళ్లతరబడి బస్సు నడిపాడు. గుట్ట దగ్గర మలుపులో ఒక కొండగోగు చెట్టుంది. ఎండలు ముదిరే వేళకు ఆకంతా రాల్చేసి, ఒంటినిండా పసుప్పచ్చటి పూలు పూస్తుంది. పూసినన్నాళ్లూ క్రీస్తుదాసు అక్కడ బస్సాపేవాడు. నాలుగు పూలేరి అద్దం ముందు పెట్టుకునేవాడు. సాయంత్రం అవి భద్రాచలంలోని ఇంటికి చేరేవి. ఆయన జ్వరంతో దవాఖానాలో పోయాక ఆ ఉద్యోగం కూతురికొచ్చింది. పూలేరడం మాత్రం ఎవరూ ఇవ్వకుండానే ఆమె తీసుకుంది. ఇప్పుడు ఆ పూలు ఇంట్లో తండ్రి ఫోటో ముందు గాజుగ్లాసులోకి వెళ్తాయి.

ఇవేవీ లెక్కల మాస్టారికి తెలియవు. అతని పేరు బాలశౌరి. పెనుబల్లి దగ్గర పల్లెటూరి వాడు, ఉద్యోగం కొత్త. దుమ్ముగూడెంలో గది కిరాయికి తీసుకున్నాడు. ఆ రోజు బడికి ఆలస్యంగా చేరేసరికి హెడ్మాస్టారు పిల్లలందరి ముందూ గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఆ ఉక్రోషంలో సాయంత్రం డిపోకి వెళ్లి కంప్లయింట్ రాసిచ్చాడు.

రెండు రోజులకు సంపూర్ణ చేతికి మెమో వచ్చింది.

“నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నవమ్మా” అన్నాడు డిపోలో పెద్దాయన, చదివి వినిపించి. “మీ నాయన మొహం చూసి ఇంతటితో వదిలేస్తున్న. ఇంకోసారి ఇట్లాంటిదొస్తే నా చేతుల్ల ఉండదు.”

మర్నాడు గుట్ట మలుపు దగ్గర హాతీరాం అలవాటుగా బ్రేకు మీద కాలేశాడు. అద్దంలోంచి ఆమెను చూశాడు.

“పోనీ బాబాయ్.”

“అరనిమిషమే గదనే పిల్లా.”

“పోనీ అంటున్న గదా!”

బస్సు సాగిపోయింది. చెట్టుకింద నేలంతా పసుపు పరిచినట్టుంది. సంపూర్ణ అటు చూడలేదు. మూడో సీటు వైపు అసలే చూడలేదు. చిల్లర మాత్రం అతని అరచేతిలో కాస్త గట్టిగానే పడింది.

ఇంటికెళ్తే తల్లి మరియమ్మ గ్లాసులో నీళ్లు మార్చి పెట్టి ఉంది. కూతురి ఖాళీ చేతులు చూసింది.

“అప్పుడే అయిపోయినయా పూలు ఈ ఏడు?”

“అయిపోయినయమ్మా” అంది సంపూర్ణ, ముఖం కడుక్కునే వంకతో వెనక్కి తిరిగి.

“ఎండలిప్పుడే ముదురుతున్నయి, అప్పుడే అయిపోవుడేంది” అని గొణుక్కుంటూ తల్లి గ్లాసు మళ్లీ అక్కడే పెట్టింది. అది చూసి సంపూర్ణకు అన్నం సహించలేదు.

బడి వంటశాలకు కూరగాయలు వేయడానికి వెళ్లిన గోరి మాత్రం ఊరుకోలేదు. బాలశౌరిని గేటు దగ్గర పట్టుకుంది. ఏమన్నదో తర్వాత తనే సంపూర్ణకు అభినయించి చూపించింది.

“ఏం సారూ, శానా జల్దీ వస్తున్నవంట గదా ఇప్పుడు బడికి? సచ్చిపోయిన తండ్రికి పిల్ల రెండు పూలు పెట్టుకుంటుంటే నీ గడియారమేమన్న అరిగిపోయిందా? ఆ పిల్ల నౌకరి పోతే తల్లికి ముద్దెవరు పెడతరు, నువ్వా? అనిన. మొగోడు మట్టిబొమ్మ లెక్క నిలబడ్డడే!”

“నిన్నెవరు చెప్పమన్నరు?” అని కసిరింది సంపూర్ణ. జాలి ఆమెకు మెమోకన్నా చేదు.

మర్నాడు దుమ్ముగూడెం స్టాపులో అతను లేడు. పీడ విరగడైందనుకుంది. అనుకున్నాక కూడా మూడో సీటు ఖాళీ వైపు రెండుసార్లు చూసింది.

గుట్ట మలుపులో చెట్టుకింద ఒక మనిషి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది, ప్యాంటు మోకాళ్లదాకా దుమ్ము.

హాతీరాం బ్రేకేశాడు. “ఆపక తప్పదు పిల్లా. చెయ్యెత్తిన చోటల్లా ఆపాలని డిపో ఆర్డర్” అన్నాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

బాలశౌరి మెట్టు దగ్గరకొచ్చాడు కానీ ఎక్కలేదు. వంగి చెప్పు పట్టీ పట్టుకున్నాడు. “ఇది తెగినట్టుందండీ. సరిచేసుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఈలోపు మీరు దిగి... మీ పని చూసుకోండి.”

చెప్పు శుభ్రంగా ఉంది. సంపూర్ణకు ఒళ్లు మండింది.

“నాకు పనేం లేదు. ఎక్కుతరా, బస్సు పొమ్మంటరా?”

అతను ఎక్కాడు. హాతీరాం ఉండబట్టలేక అడిగేశాడు. “సార్, దుమ్ముగూడెం నుంచి ఇక్కడిదాక నడిచొచ్చిండ్రా? సగం దూరం నడిచినోళ్లు మిగతా సగం నడవరాదా? టికెట్ పైసలు మిగులు!”

“ఇక్కడ... గాలి బాగుంటుందండీ” అన్నాడు బాలశౌరి.

“అవ్, దుమ్ముగూడెంల గాలే లేదు పాపం!” అంది గోరి. మళ్లీ బస్సంతా గొల్లుమంది. సంపూర్ణ పెదవి కొరుక్కుంది, తనకూ నవ్వొచ్చినందుకు.

మర్నాడూ అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ. ఒకరోజు చెప్పు, ఒకరోజు గొడుగు తెరుచుకోలేదు, ఒకరోజు జేబులో చిల్లర దొరకలేదు. పూలు ఏరి ఆమె చేతికివ్వడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. సంపూర్ణ ఎప్పుడూ దిగలేదు. ఇంట్లో గ్లాసు ఖాళీగానే ఉంది. పంతం ఎవరి మీదో, శిక్ష ఎవరికో ఆమెకే అర్థం కావడం లేదు.

ఆ వారం చివర్లో తెల్లవారుతూనే గాలివాన దిగింది. మార్చిలో వాన! బస్సు కిటికీల రేకులన్నీ దించేసినా లోపలికి జల్లు కొడుతోంది. కొమ్మల మీది పూలన్నీ ఈ దెబ్బతో పోయినట్టేననుకుంది సంపూర్ణ. పంతాలకు పోయి నాయనకు ఇన్నాళ్లూ ఒక్క పువ్వు కూడా పెట్టలేకపోయింది.

“ఈ వానల సారు రాడులే” అంది గోరి.

వచ్చాడు. మలుపులో చెట్టుకింద నిలువునా తడిసి ముద్దయి, వణుకుతూ చెయ్యెత్తాడు. గొడుగు తెరిచే ఉంది కానీ తలమీద లేదు. ముందుకు వంచి, గుండెకదుముకున్న స్టీలు టిఫిన్ డబ్బాకు పట్టాడు.

మెట్టెక్కి ఆ డబ్బాను ఆమె ముందుకు చాచాడు. “ఇవ్వకూడదనే అనుకున్నానండీ. మీ నాన్నగారికి మీరు ఏరుకోవాల్సినవి. కానీ చీకటితోనే గాలి లేచి అన్నీ రాలిపోతుంటే, వాన పడకముందే ఏరాను. తడిస్తే నల్లబడిపోతాయని...”

మూత తీసింది. లోపల పొడిగా, ఒక్క రేకు నలగకుండా, డబ్బా నిండా కొండగోగు పూలు.

బస్సులో ఎవరూ నవ్వలేదు.

“మరి మధ్యాహ్నం అన్నం?” అని అడిగింది.

“పొద్దున్నే తినేశాను.”

“అబద్ధం.”

“అవునండీ” అన్నాడు బుద్ధిగా. “కంప్లయింట్ వాపసిమ్మని డిపోకి వెళ్లాను. అది కుదరదట. అందుకని ఇంకోటి రాసిచ్చొచ్చాను, ఈ బస్సంత టైముకు నడిచే బస్సు జిల్లాలోనే లేదని.”

“అది ఇంకా పెద్ద అబద్ధం సార్” అన్నాడు హాతీరాం స్టీరింగ్ దగ్గర్నుంచి. అప్పుడు నవ్వింది సంపూర్ణ. నవ్వుతూ ఉండగానే కళ్లు నిండాయి. వాన జల్లు పడ్డట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. తన టిఫిన్ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. “పచ్చిపులుసు, గుడ్డు. ఒలకపొయ్యకుండ్రి” అంది.

సాయంత్రం మరియమ్మ డబ్బాలోంచి పూలు ఒక్కొక్కటే తీసి గ్లాసులో సర్దింది. ఒకదాన్ని వెలుగులో తిప్పి చూసింది.

“ఇది నీ చెయ్యి గాదు. నువ్వు మట్టితో సహా తెస్తవ్. ఎవరేరిండ్రు?”

సంపూర్ణ అంతా చెప్పింది, మెమోతో సహా. “పూలు అయిపోయినయని నీకు అబద్ధం చెప్పినమ్మా.”

“తెలుసు. హాతీరాం ఎప్పుడో చెప్పిండు. నువ్వే చెప్తవని ఊకున్న.” తల్లి ఫోటో వైపు చూసి చిన్నగా నవ్వింది. “మీ నాయన ఈ పూలు నాకోసం తెచ్చేటోడని ఊరంత అనుకుంటది గదా? నాకు గాదు. వాళ్లమ్మకు. ఆయన చిన్నప్పుడే పోయింది ఆవిడ. ఆ గుట్టల మీద ఈ చెట్ల బంక ఏరి అమ్ముకుని పిల్లల్ని సాకిందంట. చెట్టు పూసినప్పుడల్లా ఆయనకామె యాదికొచ్చేది. నాకేం తెలుసు? పెండ్లికి ముందు ఒకనాడు ఆయన బస్సెక్కి, అద్దం ముందు పువ్వు కనపడితే అడగకుండ తీసి తలల పెట్టుకున్న. కొత్త డ్రైవరు నాకోసమే పెట్టిండనుకున్న!”

“మరి నాయనేమన్నడు?”

“ఏమంటడు? నోరు తెరిచిండు, మూసిండు. మర్నాడు రెండు పెట్టిండు. ఒకటి వాళ్లమ్మకు, ఒకటి నాకు. పెండ్లయినంక గానీ సంగతి చెప్పలే. నాకు సిగ్గుతోని సచ్చినంత పనైంది. ‘మా అమ్మ ఉంటే నీకు తనే పెట్టేది’ అన్నడు.” మరియమ్మ కళ్లొత్తుకుంది. “పోయినోళ్లకు పెట్టిన పువ్వు ఉన్నోళ్లకు పనికిరాదని ఎక్కడా లేదు బిడ్డా.”

ఈస్టరు రోజు తెల్లవారుజామున సమాధుల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. వానకు మిగిలిన చిటారుకొమ్మల మొగ్గలే మళ్లీ విచ్చాయి. ముందురోజు బస్సాగినప్పుడు ఈసారి సంపూర్ణ తనే దిగి ఏరుకుంది, అతను పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పూలు క్రీస్తుదాసు సమాధి మీద పెట్టి లేచేసరికి, హాతీరాం వెంట బాలశౌరి వస్తున్నాడు. కొత్త చొక్కా, మొహంలో పరీక్ష రాయబోయే పిల్లాడి భయం.

“నువ్వేనా బాబూ, డబ్బా సారువి?” అంది మరియమ్మ.

“నేనేనండీ.”

“మీరు ఆర్.సి.ఎం. చర్చి వాళ్లంట గదా. మేం సి.ఎస్.ఐ. చర్చి.”

“పెళ్లి సంగతి మా అమ్మతో మాట్లాడానండీ. మొదట రెండు రోజులు అన్నం తినలేదు. మూడోరోజు, అమ్మాయి కండక్టరైతే మన ఊరికి బస్సు వేయిస్తుందా అని అడిగింది. వచ్చే ఆదివారం నాన్నను తీసుకుని మీ ఇంటికొస్తానంటోంది.”

మరియమ్మ నవ్వలేదు. భర్త సమాధి మీద చెయ్యి వేసి అతని కళ్లలోకి చూసింది. “ఒక్క మాట విను బాబూ. ఈయన పేరు తలచుకుని, అయ్యో తండ్రి లేని పిల్ల అని, తప్పు చేసిన గదా అని నా బిడ్డను చేసుకోకు. గట్లయితే వద్దు. పిల్ల నచ్చితేనే చేసుకో.”

బాలశౌరి తలెత్తాడు.

“పూల సంగతి నాకు తర్వాత తెలిసిందండీ. అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేసిన రోజే నచ్చింది. డిపోలో కండక్టర్ పేరేంటని అడిగారు. తెలియదన్నాను. వాళ్లు సంపూర్ణ అని చెప్పారు. కోపంగా వెళ్లినవాణ్ని, దారంతా ఆ పేరే అనుకుంటూ గదికొచ్చాను. తప్పు చేశానని తర్వాత తెలిసింది, నిజమే. ప్రేమ అంతకుముందే మొదలైంది.”

హాతీరాం గొంతు సవరించుకుని పక్క సమాధి మీద పేరు చదవడం మొదలుపెట్టాడు. మరియమ్మ ముఖం మెల్లగా విచ్చుకుంది. “మీ అమ్మను ఆదివారం రమ్మను. కోడి కోస్త” అంది.

“నన్ను అడగరా ఎవ్వరూ?” అంది సంపూర్ణ, చెంపలు ఎర్రబడుతుంటే.

బాలశౌరి ఆమె ఎదుటికొచ్చాడు. “నన్ను చేసుకుంటారా?”

సంపూర్ణ తండ్రి సమాధి వైపు ఒకసారి చూసింది. తల్లి వైపు చూసింది. కళ్లు దించుకోకుండా అతని వైపే చూస్తూ జవాబు చెప్పింది.

“అవ్.”