కొట్టేసిన రెండు పేజీలు

అక్క సస్పెన్షన్ ఉత్తర్వు భోజనాల బల్ల మీద పడి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోతోంది.

"ఇరవై రెండేళ్ల ఉద్యోగం! ఒక్కరి చేత మాట పడిందా నా తల్లి! ఎవరి పాపిష్టి కన్ను పడిందో...!"

చంటి ఉత్తర్వు మీంచి చూపు తిప్పుకుంది. ఆ కన్ను తనదే!

నలభై ఏళ్లు దాటినా ఇంట్లో ఆమె చంటే. బయట మాత్రం విశ్వవిద్యాలయంలో మతాల అధ్యయనం బోధించే అధ్యాపకురాలు. నలుగురికీ చెందిన చోట మతానికి ఎంతవరకు చోటుండాలన్నది ఆమె పరిశోధన. అక్క పెద్దాసుపత్రిలో నర్సు. నాన్న పోయాక పెళ్లి మాటే ఎత్తనివ్వకుండా చెల్లెల్ని ఇంతదాన్ని చేసిన మనిషి!

ఆసుపత్రి మూడో అంతస్తులో ఒక ప్రార్థన గది ఉంది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మనుషులు అక్కడికి వస్తే అక్క వాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. వార్డులో రోగుల దగ్గరా అంతే. నాలుగు నెలలు చంటి అదంతా చూసి ఒక పరిశోధన పత్రికకు వ్యాసం రాసింది. అక్క పేరు రాయలేదు, నిజమే... కానీ అంతస్తూ, వార్డూ, ఎన్నేళ్ల సర్వీసో కూడా రాశాక పేరుతో పనేముంది? ప్రభుత్వ ఆసుపత్రుల్లో మతం సంగతి తేల్చడానికి వేసిన విచారణ సంఘం ఆ వ్యాసం చదివింది. డ్యూటీ వేళ రోగుల చేత ప్రార్థనలు చేయిస్తోందని అక్క మీద వేటు పడింది.

"అక్కా... ఆ వ్యాసం..." అంది చంటి.

"తెలుసే. ఉత్తర్వుతో పాటు దాన్నీ పంపారుగా! మొదటి పేజీలోనే నీ పేరు."

అమ్మ ఏడుపు టక్కున ఆగింది. చిన్న కూతురి వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు కంటే రెండు చెంపదెబ్బలు నయం!

"మూడుసార్లు చదివాను," అంది అక్క నెమ్మదిగా. "ఒక్క అబద్ధం లేదు. కానీ చంటీ... అందులో ఆ ముసలాయన ఏడే?"

చంటికి ఆయన గుర్తున్నాడు. వార్డులో చివరి రోజుల్లో ఉన్న రోగి. ప్రార్థన చేయమంటారా అని అక్క అడిగితే, "నాకు దేవుడు లేడమ్మా, ఆటల పేజీ చదివిపెట్టు" అన్నాడాయన. కన్నుమూసే దాకా ఐదు రోజులు అక్క చదివింది. ఎవరినైనా ముందు అడగందే అక్క చేతులు జోడించేది కాదు. చంటి కన్నీళ్లతో దాని గురించి రెండు పేజీలు రాసింది. తన వాదన పలచబడుతుందని... తనే కొట్టేసింది!

మర్నాడే చంటి విచారణ సంఘం ముందు నిలబడింది.

"అయితే మీ వ్యాసం తప్పంటారా?" అన్నాడు అధ్యక్షుడు, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"రాసింది తప్పు కాదండీ. నాకు అడ్డొచ్చింది తీసేశాను. అది తప్పు. ఇంకో మాట... ఆ నర్సు నా తోడబుట్టింది. అదీ దాచాను!"

హాలంతా గుసగుసలు. వారం తిరక్కుండా పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. చంటికి రావలసిన విభాగాధిపతి పదవి చేజారిపోయింది. చంటి వాటికి ఏడవలేదు. అక్కకు ఉద్యోగం తిరిగొచ్చింది కానీ, వార్డులో కాదు... కింద మందుల గిడ్డంగిలో! ప్రార్థన గదికి, నియమాలు తేలే వరకూ తాళమే.

ఆ ఆదివారం చంటి వెళ్లి అక్క పక్కన కూర్చుంది.

"తిట్టక్కా! నాలుగు దులిపెయ్యి! ఇలా మౌనంగా చంపకు..."

"కోపం లేదే పిచ్చిదానా." అక్క ఆమె తల నిమిరింది. "కానీ నువ్వొచ్చి కూర్చుంటే మునుపట్లా నోరు విప్పలేకపోతున్నాను. ఏది రాసుకుంటావో, ఏది కొట్టేస్తావో అని..."

చంటి అక్క ఒడిలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క వారించలేదు. ఏడుపు సద్దుమణిగాక పైటచెంగుతో చెల్లెలి మొహం తుడిచింది.

"వచ్చే ఆదివారం కూడా రా," అంది. "నాకూ మెల్లగా అలవాటవ్వాలిగా."