గంటకి వంద

షేర్డ్ హోస్టింగ్ కొనేవాళ్లంత గొప్పవాళ్లు లోకంలో లేరు. వెబ్‌సైట్లకీ మెయిల్స్‌కీ ఒక సర్వర్‌ని రెండొందల మంది పంచుకుంటారు, ప్రతివాడూ అది తాతగారి ఆస్తి అనుకుంటాడు. ఒకడు వేలకు వేలు మెయిల్స్ తోసేస్తే సర్వర్ పేరు చెడిపోయి, మిగతా అందరివీ స్పామ్‌లో పడతాయి. అందుకే ఒక్కో అకౌంటుకి గంటకి వంద మెయిల్సే అని నేను హద్దు పెట్టాను. దాటినవి వెనక్కి పోతాయి.

ఈ చిన్న ముక్క అర్థంకాక తిరువొత్తియూరు నుంచి షోళింగనల్లూరులోని మా ఆఫీసుదాకా చెన్నై అంతా దాటి వచ్చిన ఏకైక కస్టమర్ జనని. వానలో తడిసి, ఆ వాన కూడా నా తప్పే అన్నట్టు చూసింది.

వాళ్ల నాన్న వరదయ్య చెన్నైలోని తెలుగువాళ్లకి పైసా తీసుకోకుండా పెళ్లి సంబంధాలు చూస్తాడట. కొత్త సంబంధం వస్తే ఆయన లిస్టులోని మూడొందల నలభై ఇళ్లకీ ఒకేసారి మెయిల్ పోవాలట. ఒక ఇంటికి ముందు తెలిస్తే ఇంకో ఇల్లు అలుగుతుందట.

నాలుగు గంటల్లో నాలుగు దఫాలుగా పంపుకోమన్నాను, పసిపిల్లకి చెప్పినట్టు.

"మా వీధిలో లారీ నీళ్లు ఇంటికి పది బిందెలే సార్. అయినా పండగొస్తే ఇంకో రెండు పోస్తారు. లారీ డ్రైవర్‌కి ఉండే బుద్ధి ఈడ లేదే" అంది జనని.

తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చి తిట్టిపోయింది. నాలుగోసారి వస్తుందేమోనని నేను పొద్దుటినుంచీ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. నేనింత వెధవనని అప్పటిదాకా నాకే తెలియదు.

శుక్రవారం పొద్దున సర్వర్ లాగ్‌లో వాళ్ల అకౌంట్ మళ్లీ హద్దు దాటింది. వంద మెయిల్స్ వెళ్లాయి, మిగతావి వెనక్కి పోయాయి. అన్నిటికీ ఒకటే సబ్జెక్టు: వధువు, చి. జనని.

వెంటనే ఫోన్ చేశాను.

"రెండిళ్లవాళ్లు ఆదివారం వస్తామన్నారు. మిగిలిన ఇళ్లకి రేపు మీరు చెప్పినట్టే దఫాలుగా పోతాయి. సంతోషమా?" అంది.

"నా పెళ్లి కోసం మా అమ్మ రాజలక్ష్మి కూడా మీ లిస్టులో చేరింది. ఇంగ్లీషు అక్షరాల వరస కదా, ఆర్ దాకా రాకముందే వంద అయిపోయాయి."

"అట్లయితే రేపు వస్తాది. అందాకా కాసుకోండి."

"కాసుకోలేను. మీరంటే నాకిష్టం."

"మరి లిమిట్ తీసేస్తారా?"

"తీయను."

మొదటిసారి నవ్వింది. "తీస్తానని అనుంటే ఫోన్ పెట్టేసుండేదాన్ని. సాయంత్రం మీ అమ్మని తీసుకొని రండి."

వెళ్లాం. వరదయ్య నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"మూడొందల నలభై ఇళ్లల్లో మెయిల్ అందకుండా వచ్చినోడివి నువ్వొక్కడివే. దాన్ని ఆపిందీ నువ్వేనంట కదా?"

అవునన్నాను. మా అమ్మ తల పట్టుకుంది. ఆయన కూతురి మొహం చూశాడు. అక్కడేం కనబడిందో, కాఫీ తెమ్మన్నాడు.

కాఫీ అయ్యాక గొంతు సవరించుకున్నాడు. "సరి. ఆదివారం వచ్చేవాళ్లకి నేను చెప్పుకుంటా. పెళ్లి పిలుపు మాత్రం అన్ని ఇళ్లకీ ఒకేసారి పోవాల."

నేను నోరు తెరిచేలోపే జనని అందుకుంది.

"గంటకి వందే నాన్నా. పొద్దున్నే మొదలుపెట్టు."