రిఫరెన్సు కాలమ్‌లో బేబీరాణి

ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల క్యూని పక్కకి నెట్టుకుంటూ బేబీరాణి నేరుగా వెళ్ళి, బోటు తాడు కడుతున్న యువరాజ్ ముందు నిలబడింది.

"నేను నీకు కాబోయే పెళ్ళాన్నా?"

తాడు అతని చేతిలోంచి జారిపోయింది. క్యూలో ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఎ... ఎవరు చెప్పారు?"

"పొద్దున్నుంచి ఏడు ఫోన్లు. 'మేడమ్, మీకు కాబోయే ఆయన బైకు లోన్ మీద ఆఫరుంది, ఓటీపీ చెప్పండి' అని. ఎనిమిదోది మా నాన్నే ఎత్తాడు. ఇప్పుడు చెప్పు, ఎవరు నువ్వు నాకు?"

ఎవరో ఆమెకి తెలియకపోలేదు. ఊళ్ళోనే డిగ్నాబాద్ పేటలో లాయరు సరోజిని గారి దగ్గర ఆమె టైపిస్టు. పోయిన వానాకాలం ఈ యువరాజ్ ఒక్క అఫిడవిట్ కోసం నాలుగుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా దాంట్లో ఏదో ఒక తప్పు కనిపెట్టేవాడు. పాపం, జాగ్రత్త గల మనిషి అనుకుందామె.

"బండి లోన్‌కి ఇద్దరి పేర్లు రిఫరెన్సు ఇమ్మన్నారు. ఒకటి మా బోటు నడిపే సరంగు గారిది ఇచ్చా. రెండోది... నీది. 'ఆమె ఏమవుతుంది?' అనడిగాడు. బోటుకి టైమవుతోంది. నోటికి అదే వచ్చింది. అయినా ఆ ఫారం ఎవడు చదువుతాడులే అనుకున్నా!"

"ఇప్పుడు దేశమంతా చదువుతోంది."

రెండు రోజుల కిందట ఆ ఫైనాన్స్ కంపెనీ కంప్యూటర్లలోంచి కస్టమర్ల ఫారాలన్నీ దొంగల చేతికి పోయాయి. పేర్లు, ఆధార్లు, రిఫరెన్సు నంబర్లతో సహా. కంపెనీ మాత్రం 'మీ భద్రతే మాకు ముఖ్యం' అని ఒక మెసేజ్ పంపి ఊరుకుంది.

"సారీ యార్. గల్తీ హో గయా."

ఇంకా తిట్టాలనే వచ్చింది. కానీ ఉడికిన పీతలా ఎర్రబడ్డ అతని చెవులు చూశాక తిట్లు గొంతులోనే ఆగిపోయాయి.

"సారీ తర్వాత చెప్దువుగాని. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా? పాస్‌వర్డ్ మార్చు. నీ పేరు మీద కొత్త లోను ఏదైనా లేచిందేమో, క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూడు. సాయంత్రం ఆఫీసుకి రా, కంప్లయింట్ రాద్దాం."

"నా మీదా?"

"కంపెనీ మీద. నీది వేరే ఫైలు."

సాయంత్రం రిపోర్టు చేతబట్టుకుని వచ్చాడు. అతను ఎన్నడూ కొనని ఫోను మీద అదే కంపెనీ నుంచి ఎవరో అతని పేరుతో లోను తీశారు. సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చేయించి, బేబీరాణి టైపు మొదలుపెట్టింది.

"ముందు కంపెనీకే రాస్తున్నాం. నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. ఫీజుండదు. నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ లాయరు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు."

"లాయరు లేకుండానా? నా ఆఫీసులో కూర్చునే?" అంది లోపలి గదిలోంచి సరోజిని.

యువరాజ్ నవ్వాడు. బేబీరాణి నవ్వు ఆపుకుంది.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. చేపల వేట నుంచి వచ్చినా అప్పలరాముడు కూతురితో మాట్లాడటం లేదు. భార్యతో అన్నది ఒక్కటే మాట. "ఎవుడో ఫోన్ సేసి సెప్పేదాకా కన్నతండ్రికి తెలీకూడదేటి?"

ఏమీ లేదు నాన్నా అనబోయింది బేబీరాణి. ఎందుకో ఆ మాట నోట్లోంచి రాలేదు.

మూడు వారాలకి కంపెనీ బ్రాంచికి రమ్మని పిలుపొచ్చింది. "నానూ వస్తాను" అని అప్పలరాముడు చొక్కా తొడుక్కున్నాడు.

మేనేజర్ గోపినాథ్ ఫారం తిరగేశాడు. "చూడండి యువరాజ్, ఈమె నంబరు మాకిచ్చింది మీరే. పైగా సంబంధం అబద్ధమైతే, తప్పుడు సమాచారం ఇచ్చింది కూడా మీరే. కంప్లయింట్ వెనక్కి తీసుకోండి, అందరికీ మంచిది." ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మీరే చెప్పండి. ఈయన మీకు కాబోయే భర్తా, కాదా?"

అప్పలరాముడు కుర్చీలో ముందుకి జరిగాడు.

కాదంటే యువరాజ్ ఇక్కడే అబద్ధాలకోరవుతాడు. అవునంటే? అవునన్న మాట ఈ మేనేజర్ లాగితే ఊడిపడాలా?

యువరాజ్ లేచి నిలబడ్డాడు. "సార్, కంప్లయింట్ వాపస్ తీసుకుంటా. ఆ లోను నా నెత్తినే పడనీ. ఆమెని మాత్రం ఏమీ అడగొద్దు."

బేబీరాణి అతని వైపు చూసింది. ఆ ఒక్క చూపుతో ఆమె లోపల ఏదో తేలిపోయింది.

"కూర్చో," అంది. తర్వాత మేనేజర్‌తో, "అతను రాసింది నిజమా, అబద్ధమా అన్నది నాకూ అతనికీ మధ్య సంగతి. అది మేం తేల్చుకుంటాం. మీ దగ్గర్నుంచి అది బయటికి ఎలా పోయిందో మీరు చెప్పాలి. నేను మీ కస్టమర్ని కూడా కాదు. నా నంబరు తీసేశారా? అతను తీసుకోని లోను రద్దు చేశారా? రాసివ్వండి. లేదంటే అంబుడ్స్‌మన్ దగ్గర చెబుదురుగాని."

గోపినాథ్ ఫారం మూసి, పైఆఫీసుకి ఫోన్ కలిపాడు. గంట తర్వాత వాళ్ళు బయటికి వచ్చేసరికి చేతిలో స్టాంపు వేసిన కాగితం ఉంది. లోను రద్దు, నంబరు తొలగింపు. నష్టపరిహారం మాట మాత్రం ఊసెత్తలేదు. "దానికి కమిషన్ ఉందిగా," అంది బేబీరాణి, కాగితం కొంగు కింద దాస్తూ.

బయట వాన దంచుతోంది. ముగ్గురూ చూరు కింద నిలబడ్డారు.

"లోపల బాగానే సెప్పావే అమ్మీ," అన్నాడు అప్పలరాముడు. "మరి ఆ తేల్సుకుంటామన్నదేటి?"

యువరాజ్ ఒక అడుగు ఆయన ముందుకి వచ్చాడు. "మావయ్యా, నేను..."

"నన్నెందుకురా అడుగుతావు? రాసినప్పుడు దాన్నడగనేదు. ఇప్పుడైనా దాన్నడుగు."

అతను ఆమె వైపు తిరిగాడు. గొంతు బాగా తగ్గించి, "రాణీ, నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

ప్రతి అక్షరం వినబడింది ఆమెకి. అయినా చెయ్యి చెవికి ఆనించుకుని, "ఏంటీ? వాన మోతలో వినబడలా!" అంది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అరిచాడు యువరాజ్, గట్టు మీంచి బోటుని పిలిచినట్టు. ఎదుటి టీ బడ్డీలో గ్లాసులన్నీ ఆగిపోయాయి. "దీదీ, హాఁ బోల్ దో!" అని, అవునని చెప్పెయ్యమంటూ ఒక ఆటో డ్రైవరు కేక పెట్టాడు.

"చేసుకుంటాను!" అంది బేబీరాణి, అంతే గట్టిగా.

అప్పలరాముడు తువ్వాలు నెత్తిన కప్పుకుని వానలోకి దిగి, ముగ్గురికీ కలిపి ఒకే ఆటో పిలిచాడు.