మగ్గం దిగని మఫ్లర్

చలికాలంలో కనుమ మీద బండి నడిపేవాడు చేతుల గురించి భయపడడు. చేతులకి గ్లౌజులుంటాయి, కాళ్ళకి బూట్లుంటాయి. భయమంతా మెడ గురించే. జాకెట్ కాలరుకీ హెల్మెట్‌కీ మధ్య వేలెడు సందు దొరికితే చాలు, అట్లస్ కొండల గాలి అందులోంచి దూరి మనిషిని కొయ్యబార్చేస్తుంది. కావాలంటే టీ కొట్టు బెన్నాసర్‌ని చూడండి. మగాణ్ణి, నాకు మఫ్లరేమిటని ఒక సాయంత్రం ఉత్త మెడతో కనుమ దాటాడు. తెల్లారేసరికి మూతి ఎడమ చెవి వైపు తిరిగిపోయింది. ఇప్పటికీ పాపం టీ తాగితే సగం గడ్డం మీదే పోతుంది.

అందుకే ఇదీర్ ఆ మధ్యాహ్నం మగ్గం పక్కన గొంతుక్కూర్చుని పెళ్ళాం ప్రాణం తీస్తున్నాడు.

“ఇంకా ఎంతసేపే తూదా? ఈలోపు గొర్రె మీద ఉన్ని మళ్ళీ పెరిగేలా ఉంది.”

“పాత మఫ్లర్‌ని బండి గొలుసుకి మేపింది నేనా?” తూదా ఉన్ని పోగు దూర్చి, ఇనప దువ్వెనతో టకటకా దిగగొట్టింది. “కొసలు లోపలికి దోపుకోవయ్యా, దోపుకోవయ్యా అని మొత్తుకుంటే విన్నావా? పీక తెగకుండా బయటపడ్డావు, సంతోషించు. రేపటికి దించేస్తాలే. ఈలోపు మూతి వంకర చేసుకున్నావో, నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటా.”

“ఎవర్ని, బెన్నాసర్‌నా?”

కుంపటి మీద సూప్ గిన్నె కలుపుతున్న ఇదీర్ తల్లి ఇత్తో కిసుక్కున నవ్వింది. బయట మంచు సన్నగా రాలుతోంది. ఇంట్లో పచ్చి ఉన్ని వాసన, బొగ్గుల వాసన. తెలుపూ నలుపూ చారలతో జానెడు వెడల్పు మఫ్లర్ మగ్గం మీద నిలువుగా లేచి ఉంది. ఇంకో నాలుగు చారలు నేస్తే అయిపోతుంది.

తూదా చేతిలోంచి దువ్వెన జారి పడింది.

ఆమె మగ్గం దూలాన్ని రెండు చేతులా పట్టుకుంది. “అత్తయ్యా...” అంది. అంతే. కింద చాప తడిసిపోయింది. నెలలు నిండటానికి ఇంకా వారం పైనే ఉంది.

కిందటి చలికాలం ఇలాగే నొప్పులొచ్చాయి. ఇలాగే మంచు. కనుమ అవతల ఉండే మంత్రసాని ఇజ్జా కోసం ఇదీర్ కంగారులో ఉత్త మెడతో బయల్దేరాడు. కనుమ మీద మెడ బిగుసుకుపోయి, తల తిప్పలేక, కళ్ళు బైర్లు కమ్మి బండితో సహా పడ్డాడు. లేచి, ఆవిడని తీసుకొచ్చేసరికి తూదా ఒళ్ళో బిడ్డ నీలంగా ఉంది. తూదా అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఈసారి కూడా ఆలస్యమైతే ఇక ఆ ఇంట్లో తల ఎత్తుకుని తిరగలేడు.

“ఇజ్జాని తీసుకురా,” అంది తల్లి. “మంచు పడితే కార్లని కింద గేటు దగ్గరే ఆపేస్తారు, అంబులెన్స్ పైకి రాదు. బండి ఒక్కటే పోతుంది. లేవరా, చూస్తావేం!”

లేచాడు. హెల్మెట్ అందుకున్నాడు. మెడకి ఏదీ? ఇంట్లో ఉన్న శాలువాలన్నీ తల్లి అప్పటికే తూదా మీద కప్పేసింది. అతని చూపు మగ్గం మీద పడింది. జేబులోంచి కత్తి తీశాడు.

“ఆగరా!” ఇత్తో కేక పెట్టింది. “మతిపోయిందా నీకు? మగాడు మగ్గం మీద కత్తి పెట్టడమేమిటి? నీళ్ళు! ముందు నన్ను నీళ్ళు చల్లనీ!”

ఆ కొండల్లో ఆడపిల్లలు ఊహ తెలిసినప్పుడే నేర్చుకునే సంగతి అది. మగ్గానికి పడుగు పోగులు కట్టిన రోజే బట్టకి ప్రాణం వస్తుంది. నేత పూర్తయ్యాక ఆడవాళ్ళు మాత్రమే చుట్టూ చేరి, దాని మీద నీళ్ళు చల్లి, పోయిన మనిషిని సాగనంపే మాటలు చెప్పి, అప్పుడు కోస్తారు. నీళ్ళు తాగి ప్రాణం వదిలాకే అది బట్ట. అంతవరకూ అదేమిటో ఎవరూ నోటితో అనరు.

“తడి ఉన్ని చుట్టుకుని కనుమ ఎక్కమంటావా అమ్మా? సగం దారిలో గడ్డకట్టి పీకకి ఉరితాడవుతుంది. మళ్ళీ పడమంటావా నన్ను? మళ్ళీ అలాగే కావాలా మనకి?”

తూదా పళ్ళ బిగువున మూలిగింది. ఇదీర్ పోగులు పరపరా కోసేశాడు. పడుగు ఒక్కసారిగా వదులై, మగ్గం దూలం కీచుమంది.

మఫ్లర్ భలే వెచ్చగా ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. ముక్కు మీద నుంచి చెవుల దాకా చుట్టి, కొసలు జాకెట్ లోపలికి దోపి, పైన హెల్మెట్ పెట్టుకున్నాడు. ఊరు దాటి దేవదారు అడవిలోకి ఎక్కేసరికి పొద్దు వాలింది. రోడ్డు పక్కన కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా కూర్చున్నాయి. ఎప్పుడైనా బండి చప్పుడు వింటే రొట్టె ముక్క కోసం ఎదురొచ్చేవి. ఈసారి అతన్ని చూసి కిచకిచలాడుతూ చెట్లెక్కేశాయి.

చలికి పిచ్చెక్కింది వీటికి, అనుకున్నాడు.

కనుమ దగ్గరపడ్డాక ఇంకో సంగతి తోచింది. నోటి మీద ఉన్ని పొడిగా ఉంది. బండి నడిపే ఎవణ్ణయినా అడగండి. మూతికి మఫ్లర్ చుట్టుకుంటే కాసేపటికి ఊపిరికి తడుస్తుంది, ఇంకాసేపటికి ఆ తడే గడ్డకట్టి గడ్డానికి గీసుకుంటుంది. ఇది తప్పించుకున్నవాడు లేడు. ఈ మఫ్లర్ మాత్రం పెనం మీంచి తీసిన రొట్టెలా వేడిగా, పొడిపొడిగా ఉంది. మరి తను వదులుతున్న ఊపిరంతా ఎటు పోతోంది?

నాలుక అంగిలికి అంటుకుపోయింది. కళ్ళు మండుతున్నాయి. పెదవి చిట్లినట్టు తెలిసింది... చిట్లిన చోట మంట తెలిసింది... రక్తం తడి మాత్రం తగల్లేదు.

ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, మఫ్లర్‌ని కిందికి లాగబోయాడు. రాలేదు. మెడ వెనక వేళ్ళకి గట్టి ముడి తగిలింది.

అతను ముడి వెయ్యలేదు.

ఆపి చూద్దామా? ఆపితే ఆలస్యం. చాప మీద ఒరిగిన తూదా కళ్ళ ముందు మెదిలింది. ఇదీర్ ఆపలేదు.

ఇజ్జా తలుపు తీసేసరికి అతని గొంతులోంచి మాట పెగల్లేదు. ఆ చుట్టుపక్కల సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆవిడ. పెద్దా చిన్నా అందరూ మర్యాదగా లల్లా అనే పిలుస్తారు.

“తూదాకేనా?” అంది. తలాడించాడు.

“గొంతు పట్టేసిందా? పడుతుంది మరి, ఈ చలికి. పద పద, పుట్టే బిడ్డ నీలాగా ఆగదు.” ఆవిడ అప్పటికే సంచీ భుజాన వేసుకుంది.

తిరుగు దారికి చీకటి పడింది. లైటు వెలుగులో మంచు అడ్డంగా కొడుతోంది. ఇజ్జా సంచీ మధ్యలో ఇరికించుకుని, అతని భుజాలు పట్టుకుని కూర్చుంది. తొందరగా పోనీ, నాకేం భయం లేదు అంటూ వెనకనుంచి పోరుతూనే ఉంది. కనుమ పైన మలుపులో మాత్రం ఆవిడ చేతులు ఒక్కసారిగా బిగుసుకున్నాయి.

“ఇదీర్...” చెవి దగ్గర గుసగుస. “నాయనా, బండి ఆపు.”

ఆపాడు. ఇంజిన్ చప్పుడు ఆగింది. గాలి హోరు... ఆ హోరు కింద ఇంకేదో. నెమ్మదిగా లోపలికి... నెమ్మదిగా బయటికి...

“ఊపిరి బిగపట్టు,” అంది ఇజ్జా.

బిగపట్టాడు.

చప్పుడు ఆగలేదు.

లోపలికి... బయటికి... అతని చెంపని ఆనుకునే.

“ఎవరు కోశారు దీన్ని?” ఇజ్జా పెదాలు అతని హెల్మెట్ అంచుకి తగులుతున్నాయి. ఇదీర్ తన గుండె మీద చెయ్యి వేసి చూపించుకున్నాడు. “నీళ్ళు చల్లారా?” లేదని తల ఊపబోయాడు. తల తిరగలేదు. మఫ్లర్ బిగిసింది. ఇంకొంచెం... ఇంకొంచెం... కళ్ళ ముందు మంచు నల్లబడింది.

అతన్ని బండి మీంచి కిందికి ఈడ్చి పడేసింది ముసలావిడ. దోసిలి నిండా మంచు తీసి ఉన్నికి రుద్దింది. మంచు తగలగానే కరిగింది, కరగగానే ఇంకిపోయింది. మళ్ళీ దోసిలి. మళ్ళీ. “తాగు తల్లీ, తాగు... పోయిరా... నీ దారిన నువ్వు పోయిరా...” పోయినవాళ్ళకి చెప్పే మాటలు, వణుకుతూనే, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఎంతో సేపటికి ఉన్ని తడిసింది. చల్లబడింది. ముడి దానంతటదే విడిపోయి మఫ్లర్ మంచులోకి జారింది.

ఇదీర్ దగ్గి దగ్గి గాలి పీల్చుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

“పోయిందా లల్లా?”

“తడిసింది,” అంది ఆవిడ. “నన్నేమీ అడగకు. లే, అక్కడ పిల్ల నొప్పులు పడుతోంది.”

కొండ దిగినంతసేపూ ఇజ్జా తన రెండు అరిచేతులూ అతని మెడకి కప్పి ఉంచింది. ఆ చేతులే లేకపోతే ఆ గాలికి మళ్ళీ పడేవాడే.

ఈసారి ఆలస్యం కాలేదు. ఇజ్జా లోపలికి వెళ్ళిన కాసేపటికే పసివాడి ఏడుపు ఇల్లంతా వినిపించింది. మగపిల్లాడు. ఎర్రగా, దుక్కలా ఉన్నాడు. ఇత్తో నాలుక ఆడిస్తూ, శుభం జరిగినప్పుడు అక్కడి ఆడవాళ్ళు వేసే కేక వేసింది. ఇదీర్ గడప దాటి లోపలికి వచ్చి తూదా పక్కన కూలబడ్డాడు.

తూదా ఒళ్ళంతా చెమట. అయినా అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “మూతి సరిగ్గానే ఉంది. నాకు రెండో పెళ్ళి రాసి పెట్టి లేదు,” అంది. ఇదీర్ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఇంత సంతోషం తను తట్టుకోలేడనిపించింది.

ఇజ్జా పసివాణ్ణి దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. పుట్టిన బిడ్డ నోట్లో చిటికెన వేలు పెట్టి కళ్ళె తీయడం ఆవిడకి అలవాటు. పెట్టింది. అలాగే ఆగిపోయింది. ఏమిటా అని ఇదీర్, ఇత్తో దగ్గరికి వెళ్ళారు. ఇజ్జా వేలు బయటికి తీసింది. వేలి కొసకి సన్నటి నల్ల పోగు చుట్టుకుని ఉంది.

లాగింది. జానెడు వచ్చింది. ఇంకా లాగింది. మూరెడు వచ్చింది. వెచ్చగా ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లోంచి వస్తూ కూడా పొడిగా ఉంది. పోగు వస్తున్నకొద్దీ పసివాడి ఏడుపు సన్నబడుతోంది...

ఇజ్జా లాగడం ఆపేసింది.

“కొయ్యనా?” ఇదీర్ గుసగుసగా అడిగాడు. చెయ్యి జేబు మీదకి పోయింది.

“కత్తి తియ్యకు,” అంది ఇత్తో.

“అయితే నీళ్ళు...”

ఇజ్జా అతని వైపు చూసింది. నీళ్ళు తాగితే ఆ పోగుతో పాటు ఎవరి ప్రాణం పోతుందో ముగ్గురికీ తెలుసు.

అప్పుడు పోగు కదిలింది. ఆవిడ వేళ్ళ మధ్య నుంచి మెల్లగా, వచ్చిన దారినే, లోపలికి. మూర తగ్గింది. జాన తగ్గింది. చివరి కొస పెదాల మధ్యకి జారి కనపడకుండా పోయింది. పసివాడు నోరు ఆడించి చప్పరించాడు.

“ఏడుపు ఆగిందేం?” వెనక పరుపు మీద తూదా రెండు చేతులూ చాచింది. “చప్పరిస్తున్నాడు చూడండి, దాహమేసినట్టుంది. అలా నిలబడతారేం, ఇటివ్వండి, పాలిస్తాను.”