సముద్రం వైపు తిరిగిన యాంటెనా

మధ్యాహ్నం రెండింటికి ఎల్మిరా బడి నుంచి వచ్చేసరికి యాంటెనా సముద్రం వైపు తిరిగి ఉంది. కింద ముంగిట్లో పేట కమిటీ పెద్ద కామ్రేడ్ సనియే నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి దాన్నే చూస్తోంది.

ఐదంతస్తుల ఆ భవనం మీద ఇరవై యాంటెనాలున్నాయి. పందొమ్మిది బుద్ధిగా రాజధాని తిరానా కొండల వైపు చూస్తున్నాయి. ఎల్మిరా వాళ్లది మాత్రం పట్టపగలు, అందరి కళ్లముందూ, ఇటలీ వైపు మూతి పెట్టింది.

అల్బేనియాలో ఇటలీ టీవీ చూడటం నేరం. అయినా చీకటిపడ్డాక ఓడరేవు పట్నం దుర్రెస్‌లో యాంటెనాలు తిరుగుతాయని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. తెల్లారేసరికి అన్నీ మళ్లీ కొండల వైపు ఉండాలి, అంతే. మరిచిపోయినవాళ్లు ‘గాలికి తిరిగింది’ అంటారు. ఆ మాట విని ఒక్కోసారి వదిలేస్తారు. ఒక్కోసారి ఇంటిల్లిపాదినీ మారుమూల ఊళ్లకు తరలించే లారీ వస్తుంది. కిందటి చలికాలం మూడో అంతస్తులోని సంగీతం మాస్టారి కుటుంబాన్ని అలాగే ఎక్కించుకుపోయారు. వాళ్ల బాల్కనీలో ఆరేసిన దుప్పటి నెల దాకా తీసేవాళ్లు లేక వేలాడుతూనే ఉంది.

“మీదేగా అది, పిల్లా?” అంది సనియే, తల దించకుండానే.

“గాలికి తిరిగి ఉంటుంది, కామ్రేడ్.”

సనియే వేలు నాలిక మీద తడి చేసుకుని గాల్లో పెట్టింది. ఒక పక్కకు, మరో పక్కకు తిప్పి చూసింది. “ఆకు కదలట్లేదే. ఆ గాలేదో మీ ఒక్కరింటికే వచ్చిపోయిందా?”

సనియే చేతిసంచిలోంచి మడిచిన కాగితం తీసి, ఆమెకు కనిపించేలా పట్టుకుని, మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఆ కాగితం ఎల్మిరాకు తెలుసు. వైద్య కళాశాలకు పేట తరఫున వెళ్లే సిఫారసు. దాని మీద సంతకం పెట్టాల్సింది సనియేనే.

సనియే చెప్పదలుచుకున్నది తాపీగా, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్క ముక్కే చెప్పింది. మన టీవీ సాయంత్రం ఆరింటికి గాని మొదలవదు. కాబట్టి పగలు ఆ యాంటెనా దేనికి తిరిగిందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఏడింటికి కమిటీ కూర్చుంటుంది. ఆరింటికి తాను వాళ్లింటికి వస్తుంది. చేసినవాళ్లెవరో ఒక్క పేరు కావాలి. ఒక్కరు చేస్తే ఒక్కరి తప్పు: టీవీ పోతుంది, ఆ మనిషి సభలో నిలబడి చెంపలు వేసుకోవాలి, ఏడాది పాటు ఇటుకల బట్టీలో పని. పేరు లేకపోతే ఇల్లంతా చేసినట్టు. అప్పుడు లారీ.

“ఇంకో మాట,” అంది. “కూతురి కోసం తండ్రి, తండ్రి కోసం కూతురు పేర్లిచ్చుకునే నాటకాలు చాలా చూశాను. నాకు నిజం పేరు కావాలి. నా పైన కూడా చూసేవాళ్లున్నారు, పిల్లా.”

ఎల్మిరా ఐదు అంతస్తులూ ఒక్క ఊపిరిన ఎక్కింది. తలుపు దగ్గర బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లింది. ఎంత భయంలోనైనా అలవాటు పోలేదు. తల్లి ఫెరిదే రొట్టెల కర్మాగారంలో తెల్లవారుజామున మూడింటికి పనెక్కుతుంది, పదకొండింటికి దిగుతుంది. పగలు ఆమె నిద్ర ఆ ఇంట్లో చట్టం. గది తలుపు వేసి ఉంది.

యాంటెనాను తిప్పేందుకు బాల్కనీ కప్పులోంచి దించిన ఇనప పైపును తండ్రి నెజిప్ స్వయంగా బిగించాడు. దాని మీద ఎర్రరంగు గీత. గీత గోడ మీది మేకుకు ఎదురుగా ఉంటే కొండలు, పావు చుట్టు తిప్పితే సముద్రం. నిన్న రాత్రి తండ్రి దాన్ని సరిచేయడం తను చూసింది. ఈ ఉదయం బడికి వెళ్తూ కింద నుంచి తలెత్తి కూడా చూసింది. ఇప్పుడు గీత పక్కకుంది. పైపు తిప్పి, టీవీ వెనక చెయ్యి పెట్టింది. చెక్క ఇంకా గోరువెచ్చగా ఉంది.

నెజిప్ మూడుంబావుకు వచ్చాడు. ఓడరేవులో క్రేన్ నడిపే మనిషి. ఎంత బరువైనా వణక్కుండా దించుతాడని పేరు. కూతురు చెప్పింది వింటూ టోపీ తీసి మేకుకు తగిలించబోయాడు. టోపీ రెండుసార్లు కింద పడింది.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాడు. గోడలు పలచన. ఆ భవనంలో ముఖ్యమైన మాటలన్నీ నీళ్ల చప్పుడు కిందే జరుగుతాయి.

“లెక్కల పంతులు రాలేదని ఇవాళ పన్నెండింటికే వదిలేశారటగా. రెండింటిదాకా ఎక్కడున్నావు?”

“సముద్రం గోడ మీద. మజ్లిందాతో కూర్చున్నాను.”

“రెండు గంటలు గోడ మీద కూర్చున్నావా?”

“నువ్వు మాత్రం?” ఎల్మిరాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “కిందటి మేలో ఇటలీ టీవీలో సైకిల్ పందెం కోసం భోజనం వేళకు ఇంటికి పరిగెత్తుకు రాలేదా? మళ్లీ అదే నెల, అదే పందెం. నన్నడుగుతావేం?”

“ఇవాళ క్రేన్ మీంచి దిగితే ఒట్టు.”

“గోడ మీంచి దిగితే నేనూ ఒట్టు.”

ఆరేళ్లుగా ఒకే కుర్చీని పంచుకుని చూసిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నారు. ఎల్మిరాకు పదకొండేళ్లప్పుడు మొదలైంది అది. చప్పుడు మీట అతి తక్కువలో పెట్టి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చునేవారు. మొదట సబ్బుల ప్రకటనలు, తర్వాత పాటలు, ఆ తర్వాత దొంగలూ పోలీసుల సినిమాలు. పుస్తకం లేదు, పంతులు లేడు. ఒక మాట పది సినిమాల్లో వింటే పదకొండో సినిమాలో దానంతటదే అర్థమైపోయేది. ఇప్పుడు ఇద్దరూ అన్నం దగ్గర ఇటాలియన్‌లోనే గుసగుసలాడుకుంటారు, నవ్వుకుంటారు. ఫెరిదే మధ్యలో రొట్టె అందిస్తుంది.

ఆమె ఒక్క సినిమా కూడా చూడలేదు. ఆమె కుర్చీ తలుపు వైపు ఉండేది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినడం ఆమె పని. ‘ఆ పెట్టె మన కొంప ముంచుతుంది’ అని వారానికోసారి అనడం కూడా.

గది తలుపు తెరుచుకుంది. ఫెరిదే జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. కుళాయి పారుతుండడం చూసి, ఏమైందని అడగలేదు. ఎవరి ముఖం చూసినా తెలిసిపోతోంది. ఎల్మిరా అంతా చెప్పింది. ఫెరిదే గోడ పట్టుకుని నిలబడి విన్నది. తర్వాత స్టూలు మీద కూర్చుని, చిక్కుడు గింజల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఏరడం మొదలుపెట్టింది.

“ముందే చెప్పానని ఇప్పుడు అనకు,” అన్నాడు నెజిప్.

“నేనేం అనలేదు,” అంది ఆమె.

నెజిప్ కూతురి వైపు వంగి ఇటాలియన్‌లోకి మారాడు. తన పేరే ఇచ్చేస్తానన్నాడు. ఏడాది ఇటుకలు మోస్తే చావడన్నాడు. “అమ్మకు చెప్పకు, భయపడుతుంది.”

“నువ్వు చేయలేదుగా,” అంది ఎల్మిరా అదే భాషలో.

“చేయలేదు. నువ్వు?”

“లేదు, నాన్నా.”

ఈసారి ఇద్దరూ ఒకరినొకరు నమ్మారు. నమ్మగానే అసలు భయం పట్టుకుంది. తను కాదు, తండ్రి కాదు. మరెవరు? తల్లి చచ్చినట్టు నిద్రపోతుండగా, ఎవరో మారుతాళంతో తలుపు తీసి, టీవీ పెట్టి, పైపు తిప్పి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు. కావాలని, ఇరికించడానికి. మాస్టారి ఇంట్లో కూడా అంతకుముందు వారం ఎవరో వచ్చిపోయారని చెప్పుకున్నారు. పక్క గదిలో తల్లి తలకు మూడడుగుల దూరంలో ఎవరో నిలబడి ఉన్నట్టు ఎల్మిరాకు కనిపించింది.

“రహస్య పోలీసులయితే ఇక పేరు ఇచ్చినా ఒకటే,” అన్నాడు నెజిప్ ఇటాలియన్‌లో. “పేట ఆవిడ చేతిలో లేదది.”

ఫెరిదే ఒళ్లోని పళ్లెం జారింది. గింజలు వంటిల్లంతా దొర్లాయి. ఆమె నేల మీద మోకరిల్లి ఒక్కొక్కటే ఏరుకుంటూ చాలాసేపు తలెత్తలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సనియే ఈశ్వరుడి కంటే పట్టుదల గల మనిషి. సరిగ్గా ఆరింటికి తలుపు తట్టింది. లోపలికొచ్చి, టీవీ వెనక చెయ్యి పెట్టి చూసి, బల్ల దగ్గర కూర్చుంది. కాగితాలు రెండు తీసింది. ఒకటి ఖాళీ. రెండోది ఎల్మిరా సిఫారసు.

“చెప్పండి.”

“నెజిప్ చాకా,” అన్నాడు తండ్రి.

“ఎల్మిరా చాకా,” అంది కూతురు, అదే క్షణంలో.

సనియే కలం మూత పెట్టేసింది. “మధ్యాహ్నమే చెప్పాను నాటకాలొద్దని. నెజిప్, ఓడరేవుకు ఫోన్ చేశాను. నువ్వు క్రేన్ దిగలేదు. పిల్లా, నిన్ను గోడ మీద పది మంది చూశారు. ఇక లేవనా?”

ఆమె నిజంగానే లేచింది. అంతలో ఫెరిదే కాఫీ పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలలాడాయి.

“కూర్చో సనియే. నా పేరు రాయి.”

నెజిప్ తుళ్లిపడ్డాడు. “దీని మాట వినకండి. ఇది టీవీ ముఖమే చూడదు. ఆ భాషలో ఒక్క ముక్క రాదు.”

“అదే నేనూ అనబోతున్నాను,” అంది సనియే. “తల్లి కూడా మొదలుపెట్టిందా నాటకం?”

ఫెరిదే చేతులు ఏప్రానుకు తుడుచుకుంది. సనియే వైపు కాకుండా మొగుడి వైపు, కూతురి వైపు తిరిగింది. నెమ్మదిగా, కాలు తడుముకుంటూ మెట్లు దిగే మనిషిలా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ ఇటాలియన్‌లో ఒక వాక్యం పలికింది.

“ఏమన్నావు?” అంది సనియే.

“సినిమాల్లో మాట. ‘అమ్మకు చెప్పకు, భయపడుతుంది’ అని. ఎన్నిసార్లు విన్నానో. అందుకే నోటికి వచ్చింది.”

నెజిప్ తల దించుకున్నాడు. ఎల్మిరాకు ఆరేళ్ల అన్నం వేళలన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. తండ్రి స్నేహితుణ్ణి పట్టుకుపోయిన రోజు, తనకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో పరీక్షలు చేసిన రోజు, మాస్టారి కుటుంబాన్ని ఎక్కడికి పంపారో తెలిసిన రోజు. అన్ని రోజులూ అదే మాట, ఆమె ముఖం ముందే. నవ్వులకీ ఆమెను పిలవలేదు, భయాలకీ పిలవలేదు.

సనియేకు ఫెరిదే మిగతాది చెప్పింది. పనినుంచి వచ్చాక పదకొండున్నరకు పెట్టె తెరుస్తుంది. చప్పుడు తగ్గించి, దగ్గరగా కూర్చుని ఇటలీ వంటల కార్యక్రమం చూస్తుంది. ఉల్లిపాయ, ఉప్పు, నూనె కళ్లెదుటే కనిపిస్తాయి కాబట్టి మాటలు పట్టుబడ్డాయి. రెండేళ్లయింది. రోజూ పైపు సరిచేసేది. ఇవాళ కుర్చీలోనే కన్నంటుకుంది. ఉలిక్కిపడి లేచి, పెట్టె ఆపి, మంచం మీద పడింది. పైపు మరిచిపోయింది.

“మొగుడికి తెలియదా?”

“తెలియదు. పిల్లకీ తెలియదు. వీళ్లకు నా సంగతి ఏం తెలుసు గనక?”

ఆ మాట సనియేకు ఒకలా వినిపించింది. ఆ ఇద్దరికి మాత్రం సూటిగా గుండెల్లో దిగింది.

“నీకెందుకమ్మా ఈ వయసులో ఆ భాష?” అంది సనియే. గొంతులో అధికారం కొంచెం సడలింది.

“ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, సనియే. అందరూ పనుల్లో ఉంటారు.”

సనియే కలం మూత తీసి రాసింది. రాసి, సిఫారసు కాగితం మీద కూడా సంతకం పెట్టింది. దాన్ని మాత్రం చేతి కింద అదిమిపెట్టి, మొదటి కాగితాన్ని ఎల్మిరా ముందుకు తోసింది.

“సాక్షి చదవాలి. గట్టిగా. రేపు ఎవరైనా అడిగితే, ఇంటివాళ్లే పేరు చెప్పారని నేను చెప్పుకోవాలి.”

ఎల్మిరా కాగితం అందుకుంది. కాదని అరవాలనిపించింది. తల్లి కళ్లు ఆమెను మేకు దిగ్గొట్టినట్టు కుర్చీలోనే ఆపేశాయి. అరిస్తే లారీ. ఆ కళ్లలో భయం ఉంది. కానీ ఆరేళ్లుగా తాము అనుకున్న భయం కాదది. మెట్ల మీద ప్రతి అడుగునూ తమ కోసం విన్న మనిషి భయం.

ఎల్మిరా లేచింది. తల్లి కుర్చీ అలవాటుగా తలుపు వైపు తిరిగి ఉంది. దాన్ని బల్ల వైపు తిప్పి, ఆమెను అందులో కూర్చోబెట్టింది. పిండికి పగిలిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“నేరం చేసిన మనిషి,” అని చదివింది. మళ్లీ మొదలుపెట్టింది.

“నేరం చేసిన మనిషి, ఫెరిదే చాకా.”

కాగితంలో అక్కడితో అయిపోయింది. ఎల్మిరా ఆగలేదు.

“మా అమ్మ,” అంది.