సున్నా వచ్చిన ఊరు

ఆ ఉదయం దోసెలోకి ఏ చట్నీ వేసుకోవాలని చక్రధర్ గోడకున్న వగపుమాని పలకను అడిగాడు. అల్లంచట్నీకి ఐదు, కొబ్బరిచట్నీకి ఆరు వచ్చాయి. అల్లంచట్నీయే వేసుకున్నాడు. విశాఖలో ఇప్పుడెవరూ సొంతంగా ఏదీ తేల్చుకోవడం లేదు. చొక్కా రంగు దగ్గర్నుంచి పెళ్లిసంబంధం దాకా గోడమీది ఆ పలక మీద వేలు పెట్టాల్సిందే. ఫలానా దారి ఎంచుకుంటే ఏడాది తిరిగేసరికి మనిషి దాని గురించి ఎంత వగస్తాడో అది నూటికి లెక్కకట్టి చెబుతుంది. ఏం జరగబోతోందో మాత్రం ఎంత బతిమాలినా చెప్పదు. అంకె తక్కువున్న దారిన పోవడమే జనం పని. బుర్రలకు ఇంత సుఖం మునుపెన్నడూ దొరకలేదు.

భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. సముద్రంలో చెక్క మీద నిలబడి అలలపై జారే అలస్వారీకి వెళ్లాలనుకున్నారు. పైడిపాలెమా, గండిరేవా అన్న దగ్గర తగువొచ్చింది. పైడిపాలెంలో అలలు నడుమెత్తు దాటవు, చెక్క ఎక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు హాయి. గండిరేవులో అల మేడంత లేస్తుంది, అడుగున అన్నీ బండరాళ్లే. హైమ మనసు పైడిపాలెం మీద ఉంది. చక్రధర్ గండిరేవంటే గండిరేవన్నాడు.

"వాదన దేనికి హైమా? వేలు పెట్టు, అదే చెప్తాది."

దంపతులు కలిసి అడిగితే పలక మీద రెండు గడులు వెలుగుతాయి. పైడిపాలేనికి హైమ గడిలో పదకొండు, చక్రధర్ గడిలో ముప్ఫై ఎనిమిది వచ్చాయి. గండిరేవుకు చక్రధర్ గడిలో మూడు వచ్చింది. హైమ గడిలో సున్నా.

"సున్నా!" చక్రధర్ చప్పట్లు కొట్టాడు. "నీకు రవ్వంత వగపు కూడా ఉండదట. గండిరేవే ఎల్దాం."

హైమ పలక మీంచి వేలు తీసేసింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆపరేషన్‌కు ముందు రోగి గడిలో సున్నా చూసి బంధువులు మిఠాయి పంచుతుంటే, నర్సులు తలలు దించుకుని పక్కకు తప్పుకోవడం ఆమెకు అలవాటే. సున్నా అంటే సంపూర్ణ తృప్తి అని యంత్రం చేసినవాళ్లు చెప్పుకుంటారు. సున్నా వచ్చిన మనిషి ఏడాది తిరిగేదాకా బతికుండడం ఆమె ఇంతవరకూ చూడలేదు. వగచడానికి మనిషే మిగలనప్పుడు వచ్చే అంకె అది.

చచ్చిపోతానన్న భయం కంటే పక్క గడిలోని మూడు ఆమెను ఎక్కువ కోసింది. పెళ్లాం పోయిన ఏడాదికి మొగుడి వగపు చట్నీపాటి కూడా చెయ్యలేదు. ఆమెతో క్షేమంగా తిరిగొచ్చే ఊరికేమో ముప్ఫై ఎనిమిది.

"చక్రీ, సున్నా అంటే అప్పటికి నేనుండనని."

"ఏటంటున్నావ్?"

ఆసుపత్రిలో చూసిందంతా చెప్పింది. చక్రధర్ ముఖం పాలిపోయింది.

"ఛ, ఛ! నా మనసు దీనికేం తెలుసు? ఇందాక నాకా సంగతి తెలీదు కాబట్టి అలా వచ్చింది. ఇప్పుడు తెలిసింది కదా. మళ్లీ కొలుస్తా, నువ్వే చూడు."

వేలు గట్టిగా నొక్కాడు. నాలుగు వచ్చింది.

"చూశావా, పెరిగింది," అన్నాడు, గుండెల మీది బరువు దిగినట్టు.

హైమకు నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపు ముంచుకొచ్చింది. జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చినవాడు ఇతనే. తనలో ఏముందో ఇన్నాళ్లూ అతనికీ తెలియదు పాపం. చక్రధర్ ఆమె కళ్లు తుడిచి, "పైడిపాలెమే ఎల్దాం. నాకు నీకన్నా ఎవరే ఎక్కువ?" అన్నాడు. నమ్మాలనిపించింది. కాస్త నమ్మింది కూడా. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి అతను గుమ్మానికి వీపు పెట్టి పలక ముందు నిలబడి ఉన్నాడు. ఆమె వేలిముద్ర ఒకసారి పడితే చాలు, పలక గుర్తుంచుకుంటుంది. మళ్లీ ఆమెతో పని లేదు. తీరంలోని ఊళ్ల పేర్లు ఒకదాని వెంట ఒకటి మారుతున్నాయి. హైమ గడిలో సున్నా కాని అంకె కనబడితే వెంటనే ఊరు మార్చేస్తున్నాడు. సున్నా వచ్చినప్పుడు మాత్రం ఆగి, తన గడి చూసుకుంటున్నాడు. ఒక ఊరి దగ్గర అతని గడిలో రెండు వచ్చింది. మెడ సాచి ఆ పేరు మరోసారి చదువుకున్నాడు.

మనుషులు చిన్న అంకె కోసం వెతుక్కుంటారని యంత్రం చేసినవాళ్లకు తెలుసు. ఎదుటివాళ్ల గడిలో వెతుకుతారని వాళ్లకు తట్టలేదు.

ఆమె కప్పులు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చక్రధర్ వెనక్కి తిరిగాడు. ముఖంలో రోజూ ఉండే నవ్వే ఉంది.

"వచ్చావా? పైడిపాలెం మరీ చిన్నూరు కదా. నీకు బాగుండేది ఇంకోటేదైనా ఉందేమోనని చూస్తున్నా."

హైమకు అతనంటే భయం వేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి.

"దొరికిందా?" అంది.

"తొందరేముంది," అంటూ అతను టీ అందుకున్నాడు. "తీరం పొడుగునా ఊళ్లే కదా."