తెర పక్క గొంతు

"శ్రీహర్ష గారేనా మాట్లాడేది?"

ఆ గొంతు వినగానే శ్రీహర్ష బండి పక్కకి ఆపాడు. రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఉద్యోగం అతనిది. బంటుమిల్లి దాటి చెరువు గట్టు మీద ఉన్నాడు. వారం రోజులుగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్న గొంతు అది.

"మీరే! ఆ వీడియోలో గొంతు మీదేనండీ!"

"నాదే. నా పేరు నాగశ్రీ. మీ పుణ్యమా అని మా నాన్నగారి పరువు పోతోంది. సంతోషమేనా?"

"నేనేం చేశానండీ?"

"సాయంత్రం అయిదింటికి కోనేరు సెంటరుకి రండి. ఆ ఫోను కూడా తెండి."

పెట్టేసింది.

అతను చేసింది చిన్న పనేం కాదు. కిందటివారం బందరులో నాటిక పోటీలు జరిగాయి. ఎవరూ వీడియో తీయవద్దని మైకులో రెండుసార్లు చెప్పారు. విని బుద్ధిగా తల ఊపినవాళ్ళలో శ్రీహర్ష ఒకడు. తర్వాత ఫోనుని చొక్కా జేబులో నిలబెట్టి, కెమెరా పైకి వచ్చేలా సర్దుకుని, ముప్పావు గంట కదలకుండా కూర్చున్నాడు. నాటిక బాగుంది, మళ్ళీ చూసుకోవాలనిపించింది. దొంగ ప్రతివాడికీ ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది.

అతని సీటు మొదటి వరసలో చివరిది. స్టేజి పక్క తెరకి మూడడుగుల దూరం. హాల్లో ఎవరికీ వినపడనిది అతని ఫోనుకి వినపడింది. బల్లకట్టు నడిపే ముసలివాడి వేషం వేసిన గోపాలకృష్ణమూర్తి నోరు విప్పే ముందే, ఒక అమ్మాయి తెర పక్కనుంచి ప్రతి మాటా మెల్లగా అందిస్తోంది. కోపం మాట కోపంగా, ఏడుపు మాట ఏడుపుగా. శ్రీహర్ష నటుణ్ణి వదిలేసి ఆ గొంతు వెంట పడ్డాడు. చివరికి ఒక నిమిషం ముక్క కోసి నాటకాభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'ఈ గొంతు ఎవరిదో ఎవరికైనా తెలుసా?' అని రాశాడు. పక్కన గుండె బొమ్మ కూడా పెట్టాడు.

పోటీల్లో మాటలు అందించడం నిషేధం. ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నది నాగశ్రీ తండ్రి గోపాలకృష్ణమూర్తి.

కోనేరు సెంటరులో నాగశ్రీ అతనికోసం టీ బండి దగ్గర నిలబడి ఉంది. వాన పడేలా ఉంది. చేతిలో గొడుగు ఉంది, తెరవలేదు.

"డిలీట్ చెయ్యండి."

"చేశానండీ. కానీ అప్పటికే..."

"నలభై గ్రూపులకి వెళ్ళింది. తెలుసు. మీ గుండె బొమ్మతో సహా వెళ్ళింది. మా స్కూల్లో టీచర్లందరూ చూశారు."

"సారీ అండీ. కానీ ఒక్కమాట. నేను దొంగచాటుగా తీశాను, నిజమే. మీరూ దొంగచాటుగానే అందించారు కదా?"

"అందించాను. రెండేళ్ళుగా ఆయనకి మాటలు నిలవడం లేదు. స్టేజి ఎక్కకపోతే మనిషే నిలవరు. అందుకని నేను దొంగనయ్యాను. మీరు ఎందుకయ్యారు?"

అతను టీ గ్లాసు కేసి చూశాడు. టీ చల్లారింది.

"ఫైనల్స్ గుడివాడలో. ఇంకా మూడు వారాలుంది," అంది. "బహుమతి వెనక్కి తీసుకోలేదు. కానీ తెర పక్కన కమిటీ మనిషి ఉంటాడట. నేను మొదటి వరసలో అందరికీ కనపడేలా కూర్చోవాలట. అక్కడ తడబడితే నాన్నగారు మళ్ళీ ముఖానికి రంగు వేసుకోరు."

"నేనేం చెయ్యాలో చెప్పండి."

"రోజూ సాయంత్రం మా ఇంటికి రావాలి. నాటిక పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. నేను కూర్చుంటే ఆయన నా పెదవులు చూస్తున్నారు."

"వస్తాను."

"వీడియో తీసింది మీరేనని ఆయనకి తెలీదు. అది మీరే చెప్పాలి. నేను చెప్పను."

"చెప్తానండీ."

చెప్పలేదు.

ఇరవై సాయంత్రాలు వెళ్ళాడు. గోపాలకృష్ణమూర్తి నిలబడి చెప్పేవాడు, శ్రీహర్ష పుస్తకంలో వేలు పెట్టుకుని వినేవాడు. నాగశ్రీ వంటింట్లోంచి బయటికి రాకూడదు, అది షరతు. కాఫీ గ్లాసు మాత్రం గుమ్మం దాకా వచ్చేది, గాజుల చెయ్యి వెనక్కి వెళ్ళిపోయేది.

"కుర్రాడికి పంచదార ఎక్కువేశావేమే?" అన్నాడొకసారి ముసలాయన, తన గ్లాసనుకుని శ్రీహర్ష గ్లాసు తాగి.

"ఆయనకి వెయ్యలేదు నాన్నా. చెయ్యి జారింది," అని వంటింట్లోంచి జవాబు.

శ్రీహర్షకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు గేటు దగ్గర వానలో ఆమె అడిగింది. "చెప్పారా?"

"రేపు చెప్తాను. ఇవాళ చక్కగా చెప్తున్నారు, మధ్యలో ఎందుకని..."

"మీరు ఆయన కోసం ఆగడం లేదు. మీ కాఫీ కోసం ఆగుతున్నారు."

గొడుగు తెరిచి ఇచ్చింది. అది ప్రేమా, పొమ్మనడమా అతనికి అర్థం కాలేదు. గొడుగు మాత్రం తీసుకున్నాడు.

గుడివాడలో సాయంత్రం నాలుగింటికి నాటిక. హాలు నిండింది. నాటకం కోసం రానివాళ్ళే ఎక్కువ. ముసలాయన ఎక్కడ పడతాడో చూద్దామని వచ్చారు.

మేకప్ గదిలో గోపాలకృష్ణమూర్తి తలపాగా చుట్టుకుంటున్నాడు. శ్రీహర్ష నోరు విప్పబోయాడు. అప్పుడే కమిటీ పెద్ద కొండలరావు లోపలికి వచ్చాడు.

"గురువుగారూ, ఈయన మీతో ఉన్నాడేమిటండీ? ఆ వీడియో తీసి గ్రూపులో పెట్టింది ఈయనే కదా!"

ముసలాయన చేతిలో తలపాగా కొస ఆగిపోయింది.

"నిజమా బాబూ?"

"నిజమేనండీ. చెప్దామనే..."

"మూడు వారాలు మా ఇంట్లో కూర్చున్నావు."

అంతే అన్నాడు. బయట బెల్లు మోగింది.

మొదటి ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత వంతెన వచ్చి రేవు మూసేసినప్పుడు ముసలివాడు కృష్ణానదితో మాట్లాడే ఘట్టం. గోపాలకృష్ణమూర్తి ముందుకు వచ్చాడు. గడ కర్ర పట్టుకున్నాడు. "అమ్మా..." అన్నాడు.

ఆ తర్వాత మాట లేదు.

నాగశ్రీ మొదటి వరసలో కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

హాల్లో ఒక వెలుగు లేచింది. ఇంకొకటి. పది. ఫోన్లు పైకి వచ్చాయి, ఈసారి ఎవరూ జేబుల్లో దాచుకోలేదు. శ్రీహర్ష గోడ పక్కన నిలబడి చూశాడు. వీటికి దారి చూపిన మొదటి ఫోను తనదేనని అతనికి తెలుసు.

"తీయకండి! దయచేసి దించండి!" అని అరిచాడు.

"కూర్చోవయ్యా, నువ్వు తియ్యలేదా?" అన్నారెవరో. నవ్వులు.

గోపాలకృష్ణమూర్తి గడ కింద పెట్టాడు.

"మాట మర్చిపోయానండీ," అన్నాడు. నటుడి గొంతు కాదది. "రెండేళ్ళుగా మర్చిపోతూనే ఉన్నాను. మా అమ్మాయి అందిస్తుంటే చెప్తున్నాను. ఆ బహుమతి నాది కాదు, తిరిగి ఇచ్చేస్తాను. తీసేవాళ్ళు సరిగ్గా తీసుకోండి. కదలకుండా నిలబడతాను."

కొన్ని ఫోన్లు దిగాయి. కొన్ని దిగలేదు.

"అమ్మాయ్, పైకి రా. నాటిక సగంలో వదిలితే ఎలా?"

నాగశ్రీ స్టేజి ఎక్కింది. తండ్రి పక్కన, వెలుగులో నిలబడింది. ఒక్కో మాటా గట్టిగా అంది. ఆయన దాన్ని అందుకుని ముసలివాడి గొంతుతో అన్నాడు. పోటీ ఎప్పుడో పోయింది. నాటిక మాత్రం చివరిదాకా నడిచింది. చివర్లో చప్పట్లు కొట్టడానికి జనానికి చేతులు కావలసి వచ్చాయి.

బస్టాండులో వాన. గోపాలకృష్ణమూర్తి బెంచీ మీద కూర్చున్నాడు, చెవుల దగ్గర ఇంకా రంగు ఉంది. శ్రీహర్ష దూరంగా నిలబడ్డాడు.

"రేపు కూడా రమ్మను వాణ్ణి," అన్నాడు ముసలాయన కూతురితో. "మాటలు పోయినా, వినేవాడు కావాలి."

ఆమె వచ్చి చెప్పింది.

"మరి మీరేమంటారు?" అన్నాడు శ్రీహర్ష.

"నేను క్షమించలేదు."

"నాకు మీరంటే ఇష్టం. వీడియోలో గొంతు కాదు. మీరు."

"తెలుసు. నాకూ ఇష్టమే. అయినా క్షమించలేదు. బహుశా ఎప్పటికీ క్షమించను. అలాంటి మనిషితో కాపురం చెయ్యగలరా?"

"చేస్తాను."

"అంత తొందరగా చెప్పకండి. బందరు వెళ్ళేదాకా ఆలోచించుకోండి."

బస్సు వచ్చింది. తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టి, నాగశ్రీ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద బ్యాగు పెట్టింది. శ్రీహర్ష కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గుడ్లవల్లేరు వచ్చింది. కవుతరం వచ్చింది. బ్యాగు అక్కడే ఉంది. అతను మరో సీటు వెతుక్కోలేదు, ఖాళీలు ఉన్నా.

పెడన దాటాక ఆమె బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.